నీళ్ళు తగలకూడని బిళ్ళ

మీటర్లో ముల్లు సున్నాకి రాకుండా సగంలో ఆగిపోయిన ఆ ఆదివారమే నేను అన్నాను, ఇది ఎవడో కావాలని చేసిన పని అని. నా భార్య కృపారాణి ముల్లు వంక చూస్తూ కూచుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత నష్టం జరిగితే మనిషన్నవాడు ఎవర్నో ఒకర్ని తిట్టాలా వద్దా? ఆమె తిట్టదు. ఆమె తరఫున కూడా నేనే తిట్టాల్సి వస్తుంది.

నా పేరు డేవిడ్‌రాజు. ఉదయగిరి హైస్కూల్లో సోషల్ మాస్టర్ని. పరీక్షల్లో స్లిప్పులు పట్టడంలో చుట్టుపక్కల మండలాల్లో నాకు పేరుంది. పిల్లవాడు చొక్కా సర్దుకునే తీరు చూసి ఏ జేబులో ఏ పాఠం ఉందో చెప్పగలను. కృప ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. పొద్దున్నే బస్సెక్కితే పొద్దుగూకాక ఇల్లు చేరుతుంది. ఎం.ఫిల్. లేనివాళ్ళని వచ్చే జూన్ తర్వాత ఉంచుకోబోమని కాలేజీ వాళ్ళు తెగేసి చెప్పారు. అందుకని తిరుపతి యూనివర్సిటీలో చేరింది. గైడు గారు స్వయంగా వచ్చి కొలతలు ఒకసారి కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. సంతకం ఉంటే డిగ్రీ, డిగ్రీ ఉంటే ఉద్యోగం. లేకపోతే ఇన్నేళ్ళూ ఆ కాలేజీకి చేసిన చాకిరీ గంగలో కలిసినట్టే.

ఆ కొలతలన్నీ ఒక నల్లటి బిళ్ళ మీద. చేతిగడియారం డయలంత ఉంటుంది. ఇట్రియం, బేరియం, రాగి, వీటి ఆక్సైడ్లు కలిపి నూరి, అచ్చులో నొక్కి, యూనివర్సిటీ కొలిమిలో కాల్చి చేశారట. ఈ జాతి పదార్థాలను లోకం కనుక్కుని అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు. మామూలుగా చూస్తే అది పగిలిన పెంకు ముక్క కన్నా ఎందుకూ కొరగాదు. ద్రవ నైట్రోజన్‌లో ముంచితే మాత్రం దాంట్లో కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పారుతుందని, అయస్కాంత శక్తిని అవతలికి పోనివ్వకుండా ఆపుతుందని కృప చెప్పింది. నేను అంతవరకే విన్నాను.

ఉదయగిరిలో ద్రవ నైట్రోజన్ ఎక్కడిదని అడక్కండి. పశువుల ఆసుపత్రిలో ఉంటుంది. ఆవులకు సూది వెయ్యడానికి మేలుజాతి ఆంబోతుల వీర్యాన్ని సన్నటి గొట్టాల్లో నింపి, పెద్ద డబ్బాలో ఆ ద్రవంలోనే ముంచి ఉంచుతారు. కాంపౌండర్ పెంచలనరసయ్య, డాక్టరు గారికి చెప్పే, ఆదివారం ఆరాధన అయ్యాక కృపకు ఒక ఫ్లాస్కుడు పోసేవాడు. బస్సులో ఆత్మకూరు తీసుకుపోయేసరికి చాలావరకు ఆవిరైపోతుంది గనుక కొలతలన్నీ మా ముందుగదిలోనే. పైన ఒక తీగచుట్ట, కింద ఒక తీగచుట్ట, మధ్యలో థర్మోకోల్ గిన్నెలో బిళ్ళ. పై చుట్టకు కరెంటు ఇస్తే కింది చుట్టకు కట్టిన మీటర్లో ముల్లు లేస్తుంది. ఫ్లాస్కులోది గిన్నెలో పోసి, బుసబుసలు తగ్గాక చూస్తే ముల్లు సున్నాకి పడిపోవాలి. అంటే పైన పుట్టిన అయస్కాంత శక్తిని బిళ్ళ కిందికి దిగనివ్వడం లేదన్నమాట. పని అయ్యాక మా ఊళ్ళో చెక్కిన కొయ్య గరిటెతో బిళ్ళను పైకి తీసి, ఆరిపోయాక హార్లిక్స్ సీసాలో పెట్టి, తేమ పీల్చే పొట్లం ఒకటి అందులో వేసి మూత బిగించేది.

"నీళ్ళు మాత్రం తగలకూడదు. నీళ్ళు దీనికి విషం" అని బిళ్ళ తెచ్చిన రోజే చెప్పింది. సరేనన్నాను.

మొదట్లో ముల్లు బుద్ధిగా సున్నాకి పడేది. తర్వాత సున్నాకి కాస్త ఇవతల ఆగింది. ఆ తర్వాత ఇంకాస్త. ఇదిగో, ఇప్పుడు సగంలో. గైడు గారు వచ్చేది వచ్చే నెల మొదట్లో.

మర్నాడు బడి వదలగానే పశువుల ఆసుపత్రికి పోయాను. పెంచలనరసయ్య ఒక గేదెకు వెదురు గొట్టంతో మందు పోస్తున్నాడు.

"ఏం నరసయ్యా, మాకు పోసే సరుకులో ఏం కలుపుతుండావు?" అన్నాను.

"ఏం కలిపేది సారూ?"

"నీళ్ళు."

అతను గేదె మూతి వదిలేసి నా వంక చూశాడు. "అదేమన్నా పాలా సారూ, నీళ్ళు కలిపేదానికి? దాంట్లో చుక్క నీళ్ళు పడితే ఆడికాడికే గడ్డకట్టి అడుక్కి పోతాది. మేడం చూడకుండా ఉంటాదా?"

"అయితే పాతది పోస్తుండావు. శక్తి తగ్గింది."

"పాతదేంది, కొత్తదేంది! ఉంటే చల్లంగా ఉంటాది, లేకుంటే ఆవిరై పోతాది. శక్తి తగ్గేదానికి అదేమన్నా ముసిలెద్దా?"

గొడ్లను తోలుకొచ్చిన వాళ్ళంతా పకపకా నవ్వారు. "నా డబ్బాలో సరుకు బాగలేకుంటే ముందు ఈళ్ళ ఆవులు చూలు కట్టవు సారూ. వరికుంటపాడు దాకా పోయి అడుగు, నా మీద ఎవురన్నా మాట చెప్తారేమో" అని మళ్ళీ గేదె మూతి పట్టుకున్నాడు.

నాకు అనుమానం తీరకపోగా ఎక్కువైంది. ఇంత తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి నేను నమ్మను. స్లిప్పు పెట్టుకున్నవాడే ఇలా గడగడా చెప్తాడు. కాకపోతే వాడికి దీనివల్ల లాభమేమిటో తేలలేదు. లాభం లేని దొంగతనం ఎవడూ చెయ్యడు గదా అని ఆలోచిస్తుంటే రామనారాయణ గుర్తొచ్చాడు.

రామనారాయణ కృప కాలేజీలోనే ఇంకో ఫిజిక్స్ లెక్చరర్. ఆత్మకూరు దగ్గర భూములున్న కుటుంబం. అతని బావమరిది ఎం.ఎస్సీ. పాసై ఉద్యోగం లేకుండా ఉన్నాడు. కృప కుర్చీ ఖాళీ అయితే అందులో ఎవరు కూచుంటారో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. పైగా మా అమ్మకు జ్వరమొచ్చినప్పుడు బత్తాయిలు పట్టుకుని పరామర్శకని వచ్చి, బల్ల మీది బిళ్ళను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను కళ్ళారా చూశాను. బత్తాయిలు ఎవరైనా ఊరికే తెస్తారా?

కృప తిరుపతికి పోయిన రోజు చూసుకుని, సెలవు పెట్టి, ఆమెకు చెప్పకుండా ఆత్మకూరు బస్సెక్కాను. రామనారాయణ ల్యాబులో ఒక్కడే ఉన్నాడు.

"రండి మాస్టారూ, కూచోండి. మేడం తిరపతి పోయినారు గదా?"

"తెలుసు. నీతోనే పని. మీ బావమరిది ఎట్టుండాడు?"

"వాడికేం, నెల్లూరులో ట్యూషన్లు చెప్పుకుంటా ఉండాడు."

"ఇక్కడ ఖాళీ పడితే తెచ్చుకుందామని లేదా?"

అతని మొహం మాడిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడని కాచుకుని కూచున్నాను. తడుముకోలేదు. లేచిపోయి బీరువా తాళం తీసి, ఒక సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో నల్లటి బిళ్ళ. మా ఇంట్లో బిళ్ళకు కవలపిల్ల.

"ఇది కూడా మేడందే మాస్టారూ. రెండూ ఒకే కొలిమిలో కాలినవి. నా బీరువాలో పెట్టి తాళం నా దగ్గరే ఉంచుకోమని మేడమే ఇచ్చినారు. మొన్నొక సోమవారం ఉదయగిరి నుంచి ఫ్లాస్కులో నైట్రోజన్ మోసుకొచ్చి ఇక్కడ చూసినారు. మిగిలిన కాడికి ఒక్కసారికి సరిపోయింది. ముల్లు సున్నా. నేను పాడుచేసేవాణ్ణయితే ఇది ఇట్టా ఉంటాదా?"

ఆ సోమవారం నాకు గుర్తుంది. ఫ్లాస్కులో కాఫీ తీసుకుపోతోందనుకున్నాను. బిళ్ళలు రెండున్నాయని కూడా నాకు తెలియదు. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసి, "అయితే ఇంట్లోది ఎందుకు చెడుతుండాది?" అన్నాను.

"మీరు కోపంగా ఉండారు గాని చెప్తాను వినండి" అని సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గుండ్రంగా గీశాడు. "చెనక్కాయల ఉండ అనుకోండి. గింజలన్నీ పాకంతో అతుక్కోని ఉంటాయి. బిళ్ళ చల్లబడినాక పైనుంచి అయస్కాంతం దగ్గరికి వస్తే, బిళ్ళలో కరెంటు తనంతట తనే పుట్టి గుండ్రంగా తిరగతాది. బ్యాటరీ లేదు, ఏమీ లేదు. ఆ తిరిగే కరెంటే అయస్కాంతాన్ని ఎదురు తోసేది. అయితే గింజలోనుంచి గింజలోకి దాటుకుంటా తిరగాల. పాకం చెడిందనుకోండి. ఏ గింజకా గింజ బాగానే ఉంటాది, మధ్యలో దాటే దోవ ఉండదు. కరెంటు చుట్టు తిరగలేదు, అయస్కాంతం కిందికి దిగిపోతాది."

"ఆ పాకం దేనివల్ల చెడుతుంది?"

"ఇంకేముండాది, నీళ్ళు. మీ ఇంట్లో బిళ్ళ మీద తెల్లంగా ఉప్పు పూసినట్టు వచ్చిందంట గదా. అది నీళ్ళ పనే."

"తెల్లగానా? నేను చూడలేదే."

రామనారాయణ సుద్దముక్క కింద పెట్టి నా వంక వింతగా చూశాడు. "మేడం మీతో చెప్పలేదా?"

నేను లేచాను. అతను బీరువాకు తాళం వేసి, "మీ ఇంటి సంగతి ఇంట్లోనే చూసుకోండి మాస్టారూ. ఈసారి వచ్చినప్పుడు కాఫీ తాగి పోండి" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఎంతో, మర్యాద ఎంతో తేల్చుకోలేక బస్సెక్కేశాను.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా పాస్టరు గారు వింటే ఈ సామెతకు ఒప్పుకోరు గాని, నాకు మాత్రం పంతం పట్టింది. దేవుడు పట్టకపోతే డేవిడ్‌రాజు పట్టుకుంటాడు. ఇంటి పైకప్పు మీదికి ఎక్కి చూశాను, కారడం లేదు. ఇక ఇంట్లో ఉండేది ఎవరు? కృప, నేను, మా అమ్మ రెబెకమ్మ. అమ్మ మీద అనుమానం పడితే కళ్ళు పోతాయి. కాబట్టి గిన్నెలు తోమడానికి వచ్చే శీనమ్మ. రామనారాయణే ఆమెకు చెప్పి చేయిస్తున్నాడేమో! పని మనుషులు లేకుండా పెద్దవాళ్ళు ఏ వెధవపని చేశారు గనక?

శనివారం నాడు బడికని బయల్దేరి, వీధి మలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి మా ఇంటి పక్క సందులో దూరాను. ముందుగది కిటికీ ఓరగా తెరిచి ఉంది. మర్నాడు నెలలో మొదటి ఆదివారం. మా బాప్టిస్టు సంఘంలో ఆ ఆదివారం ప్రభువు బల్ల, అంటే అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులు కడిగి ఆరబెట్టే సేవ మా అమ్మది. నాయన పోయినప్పటి నుంచి అది ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. మా ముందుగది బల్ల మీదే తెల్లగుడ్డ పరిచి ఆరబెడుతుంది. శీనమ్మను కూడా ఆ రోజు ఆ గదిలో అడుగు పెట్టనివ్వదు.

అమ్మ బేసిన్లో పొగలు కక్కే వేడినీళ్ళలో సోడా కలిపి గ్లాసులు కడుగుతోంది. సన్నగా కీర్తన పాడుకుంటోంది. గ్లాసులన్నీ అయ్యాయి. చేతులు తుడుచుకుంది. తర్వాత హార్లిక్స్ సీసా మూత తీసి, బిళ్ళను బయటికి తీసి, అదే వేడినీళ్ళలో ముంచి, కొబ్బరిపీచుతో రుద్దడం మొదలుపెట్టింది.

"అమ్మా!" అని కేకేశాను.

"నీ అరుపు పాడుగాను! ఏందిరా, దొంగమాదిరి కిటికీలోనుంచి?"

"ఏం చేస్తుండావమ్మా నువ్వు?"

"కళ్ళు కనపడలేదా? కడగతా ఉండా."

"దాన్నెందుకు కడిగేది?"

"మరి కడగొద్దా? ఆంబోతుల డబ్బాలో సరుకులో మునిగొచ్చినదాన్ని ప్రభువు గ్లాసుల పక్కన ఎట్టా పెట్టుకునేది? ఇంట్లో బల్ల ఇదొక్కటేనాయె. తియ్యమంటే పాపం అమ్మాయి పని చెడతాదని, నెలనెలా నేనే కడిగి, తుడిచి, ఆరబెట్టి మళ్ళా సీసాలో పెడతా ఉండా. అమ్మాయికి తెలియను కూడా తెలీదు." అమ్మ గర్వంగా చెప్పింది. "తిరపతి నుంచి పెద్దాయన చూసేదానికి వస్తాడంట గదా. మురికి బిళ్ళ చూపిస్తే ఏం బాగుంటాది?"

"నీళ్ళు తగిలితే అది చెడిపోతాదమ్మా! దానికి నీళ్ళు విషం!"

అమ్మ చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. "ఎవురు చెప్పినారు?"

"కృపే చెప్పింది."

"నాకెవురూ చెప్పలేదే!" అని బిళ్ళను చప్పున కొంగుతో తుడిచింది, ఊదింది, మళ్ళీ తుడిచింది. తర్వాత నేల మీద కూలబడింది. "అయ్యో ప్రభువా, బిడ్డ కూడు నా చేతులతో నేనే తీసేస్తినా!" అని ఏడ్చేసింది. తెలియక చేశావులే అని ఓదార్చాను. ఓదారుస్తున్నానే గాని, లోపల నాకు సంతోషం ఆగడం లేదు. దొంగను పట్టుకున్నాను. దొంగ దొంగే కాదు, అది ఇంకా సంతోషం. ఈ మాట కృపకు ఎప్పుడు చెబుదామా అని సాయంత్రం దాకా కాలు నిలవలేదు.

బస్టాండుకే ఎదురు వెళ్ళాను. బస్సు దిగీదిగగానే సంచి అందుకుని మొత్తం చెప్పేశాను. కిటికీ, బేసిను, సోడా, కొబ్బరిపీచు, అన్నీ. కృప నడుస్తున్నదల్లా రోడ్డు మధ్యలో నిలబడిపోయింది.

"అత్తా?"

"అమ్మే! పాపం, తెలీక చేసింది."

"తెలీకపోవడమేంది? నీళ్ళు తగలకూడదని అత్తకు తెలుసు గదా."

"ఎవరు చెప్పారు?"

"మీరే. బిళ్ళ తెచ్చిన రోజు, అత్తకు కూడా చెప్పండి అన్నాను. రెండు రోజులు పోయినాక చెప్పినారా అని అడిగినాను. చెప్పినానులే అన్నారు."

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆమె అడిగింది గుర్తు లేదు. నేను చెప్పిందీ గుర్తు లేదు. పేపరు చదువుకుంటూ ఏదో అని ఉంటాను.

"చెప్పాననే అనుకున్నాను కృపా" అన్నాను.

"తెల్లపూత చూసినప్పుడే నీళ్ళని తెలిసిపోయింది. అత్త తెలిసి తెలిసి అట్టాంటి పని చెయ్యదు. శీనమ్మ ఆ సీసా ముట్టదు. ఇంక ఇంట్లో ఎవరుండారు?"

ఆమె అన్నది నా తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక గొంతు ఆగలేదు. "నేనా? నేను నీ బిళ్ళ మీద నీళ్ళు పోసినాననుకున్నావా?" టీ అంగడి దగ్గర కూచున్నవాళ్ళు ఇటు తిరిగారు. "నీ కోసం ఊళ్ళు పట్టి తిరిగి, కనపడినవాడినల్లా నిలదీసి, మాటలు పడి వచ్చానే, నేనా?"

"తిరిగినారు. రామనారాయణ సార్ చెప్పినాడు. ఆ బిళ్ళ ఏం చేస్తాదో ఆయన్నడిగి తెలుసుకున్నారంట." కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. "నన్నెప్పుడన్నా అడిగినారా?"

నేను సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"అందుకే రెండోది అక్కడ పెట్టించినాను. ఈ ఉద్యోగం పోతే ఇంట్లో ఉంటాను, అది మీకిష్టమేమో అనుకున్నా."

"నేనెప్పుడైనా ఆ మాట అన్నానా?"

"లేదు. వద్దనలేదు, కావాలనలేదు. ఏమీ అనలేదు. ఏమీ అనని మనిషి మనసులో ఏముండాదో నాకెట్టా తెలస్తాది?"

సంచి నా చేతిలోంచి తీసుకుని ముందు నడిచింది. ఇంట్లోకి పోగానే అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. "ఏడవబాకత్తా, ఇంకోటి భద్రంగా ఉండాదిలే" అంటూ కృప ఆమె పక్కన నేల మీదే కూచుంది. చెడిపోయిన బిళ్ళను చేతిలో పెట్టి అది ఏంచేస్తుందో, ఎందుకు చెడిందో అన్నీ వివరంగా చెప్పింది. అమ్మ ఏమేమో అడిగింది. కాసేపటికి ఇద్దరూ నవ్వుతున్నారు. నేను వసారాలో కూచుని వింటున్నాను. నన్ను ఎవరూ లోపలికి పిలవలేదు. మా ఇంట్లోకి నేను పిలుపు లేకుండా పోలేకపోవడం అదే మొదటిసారి.

గురువారం గైడు గారు తిరుపతి నుంచి పెద్ద నైట్రోజన్ డబ్బాతో సహా ఆత్మకూరు వచ్చారు. ఆ రోజు నేను క్లాసులో ఏ రాజు తర్వాత ఏ రాజు వచ్చాడో కూడా తప్పు చెప్పాను. సాయంత్రం బస్టాండుకు పోదామనుకుని, పోతే ఏమనుకుంటుందోనని వసారాలోనే నిలబడ్డాను. కృప వచ్చింది. మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు. నేరుగా లోపలికి పోయింది.

"ఏమయిందమ్మా?" అని అమ్మ అడగడం వినపడింది.

"సంతకం పెట్టినాడత్తా! ముల్లు సున్నా మీద మేకు కొట్టినట్టు నిలబడింది" అని కృప నవ్వుతూ చెప్పింది. అమ్మ గట్టిగా స్తోత్రం చెప్పింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం నిలిచింది.

కాసేపటికి కృప కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చింది. నేను వెనకే వెళ్ళాను. వసారాలో కూచుని విన్న ఆ రాత్రి నుంచి ఒక ప్రశ్న నా మనసులో నలుగుతోంది. రామనారాయణను అడగొచ్చు, అడగలేదు. ఆమెనే అడగాలని దాచుకున్నాను.

"కృపా, అయస్కాంతం బలం పెంచుకుంటూ పోతే, గింజకీ గింజకీ మధ్య కరెంటు ఎక్కడిదాకా దాటగలుగుతుంది? ఎక్కడో ఒకచోట తెగిపోవాలి గదా. అది కొలిచావా?"

చెంబు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. పరీక్షల్లో నేను పిల్లల జేబులు చూసే చూపుతో నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"మీకెందుకు?" అంది. "ఎందుకడుగుతుండారు?"